ప్రహరీ గోడకు ఇవతల

ఫ్యాక్టరీ వెలిసిన చోట కొత్త ఊరు కూడా వెలుస్తుంది. ఇప్పటి జార్ఖండ్‌లోని సాక్చి అనే పల్లె దగ్గర 1908లో టాటా ఉక్కు కర్మాగారం పనులు మొదలయ్యాయి. 1912లో తొలి ఉక్కు తయారైంది. కార్మికులకు ఎనిమిది గంటల పని అమల్లోకి వచ్చిందీ ఆ ఏడాదే. 1919లో సాక్చి జంషెడ్‌పూర్ అయింది. అక్కడ చాలా భాగానికి నేటికీ నీళ్లిచ్చేది, చెత్త ఎత్తేది టాటా స్టీల్ అనుబంధ సంస్థే. గోదావరి లోయలో సింగరేణి గనుల వెంట కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి పెరిగిన తీరూ ఇంచుమించు ఇదే: క్వార్టర్లు, బడి, ఆసుపత్రి. అయితే ఇవి ముఖ్యంగా కార్మికుల కోసం కట్టినవి. గోడకు ఇవతలి పల్లెలకు ఏం అందుతుందన్నది చాలాకాలం యాజమాన్యం దయ మీదే ఆధారపడింది.

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ఆ దయకు లెక్క కట్టింది. 2014 ఏప్రిల్ 1న ఇది అమల్లోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్ల రూపాయలు: కిందటి ఆర్థిక సంవత్సరంలో వీటిలో ఏ ఒక్కటి అందుకున్నా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. సగటు లాభం 50 కోట్లయితే కోటి రూపాయలన్నమాట. సొంత ఉద్యోగులకే మేలు చేసే పనులు, రాజకీయ పార్టీల విరాళాలు ఇందులోకి రావు. మొదట్లో ఖర్చు పెట్టని కంపెనీ కారణం రాసిస్తే సరిపోయేది. 2021లో ఆ వెసులుబాటు పోయింది. మిగిలిన సొమ్మును ఆరు నెలల్లో చట్టం చెప్పిన నిధులకు జమ చేయాలి. పని ఏళ్ల తరబడి సాగేదైతే 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేసి, మూడేళ్లలో వాడాలి.

తాము ఉన్న ప్రాంతానికే కంపెనీలు ప్రాధాన్యం ఇవ్వాలని ఆ సెక్షనే చెబుతుంది. కానీ అది సూచనే తప్ప నిర్బంధం కాదని కేంద్రం తర్వాత వివరణ ఇచ్చింది. చిక్కంతా ఇక్కడే ఉంది. పొగ ఒక ఊరికి, బడి భవనం మరో ఊరికి పోవచ్చు.

ఊరివాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన తేడా మరొకటుంది. భూమి పోయినవాళ్లకు పరిహారం, నిర్వాసితులకు పునరావాసం, వ్యర్థ జలాల శుద్ధి కంపెనీ చూపే ఉదారత కాదు, తీర్చాల్సిన బాకీ. వేరే చట్టాల ప్రకారం ఎలాగూ చేయాల్సిన పనిని సామాజిక బాధ్యత ఖాతాలో రాసుకోకూడదని నిబంధనలే చెబుతున్నాయి. గనులున్న జిల్లాలకైతే ఇంకో ఖాతా ఉంది. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధికి పాత లీజుదారులు రాయల్టీలో 30 శాతం, వేలంలో లీజు పొందినవాళ్లు 10 శాతం అదనంగా కట్టాలి. తాగునీరు, వైద్యం, చదువు వంటి వాటికి ముందుగా వాడాల్సిన ఈ డబ్బు కంపెనీ చేతిలో ఉండదు, జిల్లా ట్రస్టు దగ్గర ఉంటుంది.

ఖర్చయినంత మాత్రాన మేలు జరిగినట్టు కాదు. ఆర్వో ప్లాంటు ప్రారంభానికి ఫొటోగ్రాఫర్ తప్పకుండా వస్తాడు. మెంబ్రేన్ పాడైనప్పుడు ఎవరు రావాలో మాత్రం శిలాఫలకం మీద ఉండదు. గది కట్టించడం తేలిక, అందులో పాఠం చెప్పే మనిషికి ఏటా జీతమివ్వడం కష్టం. అందుకే ఏటా సగటున 10 కోట్లు, ఆపైన ఖర్చు పెట్టాల్సిన కంపెనీలు కోటి, అంతకు మించిన ప్రాజెక్టుల ఫలితాన్ని బయటి సంస్థతో మదింపు చేయించాలని 2021 నిబంధనలు పట్టుబట్టాయి.

ఆమోదించిన ప్రాజెక్టుల వివరాలను కంపెనీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఖర్చుల నివేదికను వార్షిక నివేదికకు జతచేయాలి. ఊళ్లో చదువుకున్న పిల్లలెవరైనా ఫోన్‌లో వాటిని తెరిచి, తమ జిల్లా పేరు ఎదుట ఏం రాశారో గ్రామసభలో చదివి వినిపించవచ్చు.