తీరపు ఇసుకలో కొత్త జాతి: పేరు పొందే వరకు

సూరత్ నగరానికి దక్షిణాన ఉన్న ఉధ్నా, రైల్వే కూడలిగా, మరమగ్గాల కేంద్రంగా ప్రసిద్ధి చెందింది. తెలంగాణ జిల్లాల నుండి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడా, పొరుగున ఉన్న లింబాయత్‌లోనూ తరాలుగా స్థిరపడి ఉన్నాయి. పొలాలకు చేరువగా ఉన్న ఇటువంటి ఊళ్ళలో వానకాలపు రాత్రులలో దీపాల చుట్టూ మూగే పురుగులలో ఒక సన్నని పురుగు కనిపిస్తూ ఉంటుంది. నల్లని తల, నారింజ రంగు దేహం, నీలి మెరుపు గల పొట్టి పైరెక్కలు దాని గుర్తులు. అది కుట్టదు, కరవదు. కాని పొరపాటున ఒంటిమీద నలిపితే దాని దేహంలోని పెడెరిన్ అనే ద్రవ్యం వల్ల చర్మం బొబ్బలెక్కుతుంది. వింత ఏమిటంటే, ఆ విషాన్ని తయారుచేసేది పురుగు కాదు. దాని దేహంలో నివసించే బాక్టీరియా.

శాస్త్రజ్ఞులు ఈ పురుగును పెడెరస్ ఫ్యూసిపెస్ అంటారు. ఈ పేరు పెట్టినవాడు జాన్ కర్టిస్. పెట్టినది 1826లో, ఇంగ్లండులో. గుజరాత్ పొలాలలోని పురుగుకు ఇంగ్లండులో పేరు లభించడంలో ఆశ్చర్యం లేదు. ఈ జాతి ఐరోపా నుండి ఆసియా దేశాల మీదుగా ఆస్ట్రేలియా వరకు వ్యాపించి ఉన్నది. కనుక ఎక్కడైనా ఒక అపరిచితమైన పురుగు దొరికినప్పుడు శాస్త్రజ్ఞుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న "ఇది ఇక్కడ కొత్తదా?" అన్నది కాదు, "దీనికి ప్రపంచంలో మరెక్కడైనా ఇంతకుముందే పేరు పెట్టారా?" అన్నది.

ఈ పురుగు స్టాఫిలినిడే అనే కుటుంబానికి చెందినది. ఆంగ్లంలో వీటిని రోవ్ బీటిల్స్ అంటారు. సాధారణంగా పెంకు పురుగుల ముందు రెక్కలు పెంకులవలె గట్టిపడి వీపునంతటినీ కప్పి ఉంచుతాయి. వీటిలో ఆ పెంకులు మరీ పొట్టివి. ఉదరం చాలా భాగం బయటనే ఉండి, అటూ ఇటూ వంగడానికి వీలుగా ఉంటుంది. ఎగరడానికి ఉపయోగపడే వెనుక రెక్కలు ఆ పొట్టి పెంకుల కింద అనేక మడతలుగా ఒదిగి ఉంటాయి. ఇప్పటికి వర్ణించిన జాతులు 60,000కు పైబడినవి. వీటిలో అనేకం 2 నుండి 8 మిల్లీమీటర్ల పొడవు మాత్రమే ఉంటాయి.

ఇంత పెద్ద కుటుంబంలో సముద్రతీరాన్ని ఆశ్రయించిన జాతులు స్వల్పం. ఉప్పునీటిని, ఆటుపోట్లను తట్టుకొని నిలవడం కీటకాలకు సులభం కాదు. ఉధ్నాకు దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో నల్లని ఇసుకకు పేరుపడిన డుమస్ తీరం ఉన్నది. దానికి ఉత్తరాన తాపీ నది సముద్రంలో కలుస్తుంది. ఆపైన విస్తరించే ఖంభాత్ సింధుశాఖలో ఆటుపోట్ల అంతరం మన దేశంలోకెల్లా అధికం. ఇటువంటి తీరాలలో రోవ్ బీటిళ్లను వెదకవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి. ఒడ్డుకు కొట్టుకువచ్చి కుళ్ళుతున్న నాచు కింద కాఫియస్ ప్రజాతి పురుగులు ఈగల పిల్లపురుగులను వేటాడుతాయి. తడి ఇసుకలో, ఉప్పు బురదలో బ్లెడియస్ ప్రజాతి పురుగులు సొరంగాలు తవ్వుకొని సూక్ష్మమైన నాచును తిని బ్రతుకుతాయి.

బ్లెడియస్ జీవితం చెప్పుకోదగినది. ఐరోపా తీరాలలోని బ్లెడియస్ స్పెక్టాబిలిస్ సొరంగం సీసావలె ఉంటుంది. మెడ ఇరుకు, లోపలి భాగం విశాలం. పోటు వచ్చినప్పుడు ఆ ఇరుకు మెడ వల్ల నీరు సులభంగా లోపలికి చొరబడదు. తల్లి పురుగు గుడ్లను, పిల్లలను విడిచి వెళ్ళక కాపలా కాస్తుంది. సొరంగం మునిగిపోకుండా, లోపల గాలి చెడిపోకుండా ఆ తల్లి ఏ విధంగా కాపాడుతుందో ట్రిస్ట్రమ్ వయాట్ అనే శాస్త్రజ్ఞుడు 1986లో వివరించారు. భారత తీరాలలోని జాతుల జీవనం ఇంత వివరంగా తెలియాలంటే ముందుగా ఏది ఏ జాతియో తేలాలి.

పురుగులను పట్టడం పెద్ద కష్టం కాదు. తీరపు ఇసుకను బకెట్టు నీటిలో వేసి కలిపితే అవి పైకి తేలుతాయి. వాటిని ఆల్కహాలులో భద్రపరచి, దొరికిన చోటు, తేదీ, సేకరించినవారి పేరు గల చీటీని జతపరుస్తారు. చీటీ లేని నమూనా ఎంత అందమైనదైనా శాస్త్రానికి అంతగా ఉపకరించదు. అసలైన శ్రమ ప్రయోగశాలలోని బల్ల వద్ద మొదలవుతుంది.

రెండు వస్త్రాలు దూరం నుండి ఒకేవిధంగా కనిపించవచ్చు. అనుభవం గల నేతగాడు భూతద్దం పెట్టి, అంగుళానికి ఎన్ని పోగులున్నవో లెక్కించి భేదం చెప్పగలడు. కీటక శాస్త్రజ్ఞుడు చేసేదీ అటువంటి పనియే. తల వెడల్పు ఎంత, స్పర్శశృంగాల కణుపుల నిష్పత్తి ఎట్టిది, వీపుపై సూదిమొన వంటి గుంటలు ఎంత దట్టంగా ఉన్నవి, ముందు కాళ్ళపై ముళ్ళు ఎన్ని అని సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తాడు. అయినా బాహ్య లక్షణాలు మోసగించవచ్చు. బ్లెడియస్‌లోని కొన్ని జాతులలో మగ పురుగులకు కొమ్ము ఉంటుంది. దాని పొడవు పురుగు పరిమాణాన్ని బట్టి మారుతుంది. ఒకే జాతిని రెండుగా భ్రమపడడానికి ఇది చాలు. అందుచేత మగ పురుగు జననాంగాన్ని వేరుచేసి చూస్తారు. ఆకృతిలో దగ్గరగా ఉన్న జాతుల మధ్య నమ్మదగిన భేదం తరచు అక్కడనే కనిపిస్తుంది. 2003 తరువాత, జీవకణంలోని ఒక జన్యుభాగాన్ని పోల్చి చూసే డి.ఎన్.ఎ. బార్‌కోడ్ పద్ధతి కూడా తోడైనది. అయితే అది పరిశీలనకు సహాయకారియే కాని ప్రత్యామ్నాయం కాదు.

పోల్చడానికి పాత గ్రంథాలు కావాలి. భారతదేశపు రోవ్ బీటిళ్లపై మాల్కమ్ కామెరన్ రచించిన సంపుటాలు 1930 నుండి 1939 వరకు వెలువడినవి. ఈనాటికీ పరిశోధకులు వాటినే తెరవవలసి వస్తుంది. ఆయన సేకరణ మాత్రం లండన్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉన్నది. సూరత్ తీరపు పురుగు ఏదో తేల్చుకోవడానికి లండన్ నమూనాను చూడవలసి రావడం మన పరిశోధకులకు చిన్న ఇబ్బంది కాదు. వర్ణనలోని రెండు పంక్తులు చాలనిచోట ఆ నమూనా ఒక్కటే సాక్ష్యం.

పోలిక ముగిసి, జాతి కొత్తదని తేలితే, వర్ణన, చిత్రాలు, కొలతలతో వ్యాసం ప్రచురించాలి. పేరు రెండు పదాలుగా ఉండాలి. మొదటిది ప్రజాతిది, రెండవది జాతిది. స్థలం పేరు పెట్టదలచినవారు సూరత్ పేరుకు 'ఎన్సిస్' చేర్చి 'సురాటెన్సిస్' అనవచ్చు. తన పేరే పెట్టుకోవడాన్ని నియమావళి నిషేధించదు గాని, శాస్త్రజ్ఞులు దానిని మర్యాదగా భావించరు. ఒకే జాతికి ఇద్దరు పేరు పెడితే సాధారణంగా మొదట ప్రచురించిన పేరే నిలుస్తుంది. 1999 తరువాత ప్రచురించే జాతినామాలకు ఆధార నమూనాను స్పష్టంగా నిర్దేశించడం తప్పనిసరి. ఏకైక ఆధారంగా నిలిచే నమూనాను హోలోటైప్ అంటారు. దానికి ఎర్ర చీటీ కట్టడం ఆనవాయితీ.

మన దేశంలో ఈ విషయమై చట్టం కూడా ఉన్నది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం 39వ విభాగం ప్రకారం, కొత్త జాతిని కనుగొన్నవారు ఆ సంగతిని నిర్దేశిత సంస్థకు తెలియజేసి, నమూనాను అక్కడ దాఖలు చేయాలి. జంతువుల విషయంలో అటువంటి సంస్థ, 1916లో కలకత్తాలో స్థాపితమైన జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. రేపటి పరిశోధకుడు లండన్ వెళ్ళనవసరం లేకుండా ఈ నిబంధన తోడ్పడగలదు.

అయితే తీరం మాత్రం వేచి ఉండదు. తాపీ ముఖద్వారానికి ఆవలి ఒడ్డున హజీరాలో 1980ల నుండి ఎరువుల, ఉక్కు, సహజవాయు పరిశ్రమలు, రేవులు వెలసినవి. వాటి అవసరాన్ని ఎవరూ కాదనరు. కాని ఉప్పు బురదను పూడ్చివేసినప్పుడు అందులోని సొరంగాలు కూడా పూడుకుపోతాయి. పేరు లేని ప్రాణి ఏ జాబితాలోనూ చేరదు గనుక ఆ నష్టం లెక్కకు రాదు. తొలి వర్ణన తరచు ఒకటి రెండు మగ పురుగుల ఆధారంగానే వెలువడుతుంది. ఆడ పురుగు, గుడ్డు, పిల్లపురుగు ఎట్లా ఉంటాయో తెలుసుకోవడానికి పరిశోధకుడు అదే తీరానికి, అదే ఋతువులో మళ్ళీ వెళ్ళవలసి ఉంటుంది.