పంట్లాము బిగువు – ఇంటనే సవరణ



ధర్మవరపు మగ్గమునుండి దిగిన పట్టుచీర సన్నని స్త్రీకిని, స్థూలమైన స్త్రీకిని ఒక్కతీరున సరిపోవును. మనము కట్టు పంచెయు నట్టిదే. పంట్లాము మాత్రము ఒక్క యొడలి కొలతకే కుట్టబడును. ఆ కొలత తప్పినచో అది తొడిగినవానికి తలవంపులు తెచ్చును.

మా అన్నకుమారుడు హిందూపురమున నొక అంగడిలో కుట్టి సిద్ధముగానున్న పంట్లామును కొని, ధర్మవరములో నొక పెండ్లికి వచ్చెను. పంక్తిలో బాసింపట్టు వేసికొని కూర్చుండగనే వెనుక కుట్టు పిగిలెను. నలుగురును నవ్విరి. పిల్లవాడు విస్తరిముందునుండి లేచిపోయెను.

నేను నడుమువద్ద నొక అంగుళము వదులు చేసితిని. పెనుకొండ కొండ యెక్కునపుడు అది మరల పిగిలెను. నా పొరపాటు అప్పుడు తెలిసినది. లోపము నడుమున లేదు. నడుమునుండి తొడల సంధివఱకుగల లోతున నున్నది.

ఈ లోపమును కనుగొనుట సులభము. గట్టి బల్లపై నిటారుగా కూర్చుండి, పంట్లాము నడుమున నిలుచు చోటునుండి బల్లవఱకు ప్రక్కగా కొలువవలెను. మావానికి 11 అంగుళములు వచ్చెను. పంట్లాముయొక్క వెలుపలి కుట్టు పొడవునుండి లోపలి కుట్టు పొడవును తీసివేయగా మిగులునది దాని లోతు. అది 10 అంగుళములే! ఒడలి కొలతకంటె అర అంగుళమైనను అధికముగా నుండవలసినచోట ఒక అంగుళము తక్కువయైనది.

దీనికి మందు మియాని. పైజామాలు కుట్టు దర్జీలు సంధిలో నతికెడు గుడ్డముక్కను అట్లు పిలుతురు. నాలుగు కుట్లును కలియు చోటునుండి ఒక్కొక్క కుట్టును 2 అంగుళముల మేర విప్పవలెను. ముందువైపు బొత్తాముల పట్టీని తాకరాదు. అదే దళసరిగల గుడ్డను ముందుగా తడిపి ఆరవేసి, 5 అంగుళముల చదరముగా కత్తిరింపవలెను. తడపని నూలుగుడ్డ తరువాత క్రుంగి, కుట్టును లాగును. చదరపు నాలుగు మూలలును విప్పిన కుట్ల చివరలకు వచ్చునట్లుంచి, అంచున అర అంగుళము లోనికి పోనిచ్చి కుట్టవలెను. కుట్టుమిషను లేనివారు సూదిని ఒక అడుగు వెనుకకును, రెండడుగులు ముందుకును నడపుచు, రెండు వరుసలు కుట్టవలెను.

కుట్టిన పిమ్మట నిలువుటద్దమును నమ్మరాదు. నేలపై కూర్చుండి లేచి, ఎత్తైన మెట్టుపై కాలుంచి చూడవలెను. మా పిల్లవాడు అట్లు పరీక్షించుకొనిన పిదపనే మరియొక పెండ్లికి పోయెను. పాయసము వడ్డించువఱకును పంక్తిలో కదలక కూర్చుండెను.