మడమ వెనక నొప్పికి మాలిష్ చాలదు, మెట్టు కావాలి

ఫజర్ నమాజుకు లేచి మంచం దిగగానే మడమ వెనక పట్టేసినట్టు ఉంటుంది. నాలుగడుగులు కుంటుతూ వేశాక సర్దుకుంటుంది. పగలు పనిలో పడితే గుర్తుండదు, మర్నాడు పొద్దున మళ్లీ అదే బాధ. ఇళ్లలో దీన్ని ‘నరం పట్టింది’ అంటారు. నిజానికి అది నరం కాదు. పిక్క కండను మడమ ఎముకతో కలిపే అకిలెస్ టెండన్. ఒంట్లో ఉన్న టెండన్లలో ఇదే అన్నిటికన్నా లావు, బలం.

అంత బలమైనది ఎందుకు నొప్పి పెడుతుంది? ఎక్కువగా, అలవాటు లేని శ్రమ ఒక్కసారిగా మీద పడడం వల్లే. షుగర్ ఉందని తెలిసిన రోజే ఐదు కిలోమీటర్ల వాకింగ్ మొదలుపెట్టేవారు ఉంటారు. ఉమ్రా సంగతీ అంతే. సఫా, మర్వాల మధ్య ఏడుసార్లు నడిస్తేనే మూడు కిలోమీటర్లు దాటుతుంది. తవాఫ్ దానికి అదనం. అదంతా గట్టి రాతి నేల మీద, చాలామందికి వట్టి కాళ్లతో. వీధి చివరి దుకాణానికి కూడా స్కూటర్ మీద వెళ్లే మనిషికి ఇది చిన్న పని కాదు. వెళ్లేముందు రెండు నెలల నుంచే కొద్దికొద్దిగా నడక పెంచుకోవాలి.

ఇంకో కారణం చాలామందికి తెలియదు. విరేచనాలకో, మూత్రంలో మంటకో మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, ఒఫ్లాక్సాసిన్ లాంటి మందులు టెండన్‌ను దెబ్బతీయగలవు. 2008లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వీటి మీద గట్టి హెచ్చరిక వేయించింది. అరవై దాటినవాళ్లకు, స్టెరాయిడ్లు వాడేవాళ్లకు ప్రమాదం ఎక్కువ. ఈ మందు వేసుకుంటుండగా మడమ వెనక నొప్పి వస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఇక వైద్యం. నూనె, బామ్ రాస్తే కాసేపు హాయిగా ఉంటుంది, కాదనలేం. పూర్తిగా మంచం పట్టి విశ్రాంతి తీసుకుంటే నొప్పి తగ్గుతుంది కానీ టెండన్ ఇంకా బలహీనపడుతుంది, లేచి నడవగానే మళ్లీ మొదలు. దానికి కావాల్సింది కొలత ప్రకారం బరువు. స్వీడన్ ఎముకల డాక్టర్ హాకన్ ఆల్‌ఫ్రెడ్సన్ 1998లో ప్రచురించిన వ్యాయామం ఇప్పటికీ వాడుకలో ఉంది.

మెట్టు అంచున మునివేళ్ల మీద, గోడో రెయిలింగో పట్టుకుని నిలబడాలి. బాగున్న కాలితో పైకి లేవాలి. తర్వాత బరువంతా నొప్పి కాలి మీదకు మార్చి, మడమను మెల్లగా మెట్టు కిందికి దించాలి. పదిహేనుసార్లు చొప్పున మూడు విడతలు మోకాలు నిటారుగా, మరో మూడు విడతలు మోకాలు కొంచెం వంచి. పొద్దున, సాయంత్రం. పన్నెండు వారాలు. లెక్కేస్తే రోజుకు 180. మొదటి రోజే అంత అక్కర్లేదు. పెద్దవాళ్లు నేల మీదే, రెండు కాళ్లతో మొదలుపెట్టి పెంచుకోవచ్చు.

నొప్పి సరిగ్గా మడమ ఎముక దగ్గరే ఉంటే మాత్రం మడమను మెట్టు కిందికి దించకూడదు, నేల మట్టం వరకే. పిక్క సాగదీసే వ్యాయామాలు కూడా అప్పుడు వద్దు. గొంతుక్కూర్చున్నా అక్కడ ఒత్తిడి పడుతుంది కాబట్టి కొన్నాళ్లు ఉజూ స్టూలు మీద కూర్చుని చేసుకోవడం మేలు.

నొప్పి మడమకు రెండు మూడంగుళాలు పైన ఉంటే చీలమండ బిగుసుకుందేమో చూసుకోవాలి. బొటనవేలు గోడకు నాలుగంగుళాల దూరంలో పెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకు తగిలించాలి. ఒక కాలికి తగిలి రెండోదానికి తగలకపోతే, ఇదే కదలికను రోజూ నెమ్మదిగా పది పదిహేనుసార్లు చేయాలి. నడకలో, పరుగులో పెద్ద అంగలు మాని చిన్న అడుగులు వేస్తే టెండన్ మీద భారం తగ్గుతుంది.

చేసేటప్పుడు కొంత నొప్పి ఉంటుంది, భయపడనక్కర్లేదు. పదికి ఐదు మార్కుల లోపు ఉండి, మర్నాడు పొద్దుటికి మామూలుకు వస్తే కొనసాగించవచ్చు. పొద్దున బిగుతు ఎక్కువైతే లెక్క తగ్గించాలి.

వెనక నుంచి ఎవరో తన్నినట్టు ‘ఠప్’మని, ఆ తర్వాత మునివేళ్ల మీద లేవలేకపోతే టెండన్ తెగి ఉండవచ్చు. మాలిష్ చేయకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పిక్క వాచి, వేడిగా ఎర్రబడినా ఆగకూడదు. పన్నెండు వారాలు చేసినా మార్పు లేకపోతే ఫిజియోథెరపిస్టుకు చూపించాలి. ఎవరైనా అక్కడ స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేద్దామంటే ఒప్పుకునే ముందు మరో డాక్టరును కూడా అడగాలి. దానివల్ల టెండన్ తెగిన సందర్భాలున్నాయి.