‘పర్జ్’ అంటే విరేచనమేనా?

“ఒంట్లో చెడు పేరుకుపోయింది, ఒకసారి పర్జ్ చేయించుకుంటే మంచిది గదా!” అని నా వద్దకు వచ్చేవారిలో చాలామంది అడుగుతుంటారు. విరేచనానికి ఇంగ్లీషు పేరు పర్జ్ అని వారి భావన. ఈ రెండు మాటల స్వరూపం తెలిస్తే, మందు జోలికి ఎప్పుడు పోరాదో కూడా తెలుస్తుంది.

పర్జ్‌కు మూలం లాటిన్ భాషలోని ‘పుర్గారె’. శుభ్రపరచడమని దాని అర్థం. రోమన్ కాథలిక్కులు ఆత్మ శుద్ధిపొందే స్థితిని ‘పర్గెటరీ’ అనడం ఈ అర్థంలోనే. కాలక్రమాన ఆ మాటకు గెంటివేయడమనే అర్థం బలపడింది. 1936-38 మధ్య సోవియట్ యూనియన్‌లో స్టాలిన్ ప్రభుత్వం లక్షలాది మందిని చంపించి, నిర్బంధించిన ఘట్టాన్ని చరిత్రకారులు ‘గ్రేట్ పర్జ్’ అంటారు. వైద్యంలో మలాన్ని తీవ్రంగా వెళ్ళగొట్టే మందు ‘పర్గెటివ్’. మన ఇళ్ళలో దీనినే భేదిమందు, జులాబు అంటాము.

‘విరేచన’ శబ్దానికి ఖాళీ చేయడమని ధాత్వర్థం. అయినా ఆయుర్వేదం దానిని శోధనకర్మగానే గ్రహించింది. ముందు స్నేహస్వేదాలతో దోషాన్ని కోష్ఠానికి తేవాలి. తరువాతనే ఔషధం. పిదప పలుచని గంజి, చిక్కని జావ, పప్పుకట్టు అనే క్రమంలో జఠరాగ్నిని నిలబెట్టాలి. ఉత్తమశుద్ధిలో ఈ పథ్యమే ఏడు రోజులు. ఔషధాలలో సుఖవిరేచనానికి తెగడ, మృదువిరేచనానికి రేల, తీక్ష్ణవిరేచనానికి జెముడుపాలు శ్రేష్ఠమని చరకసంహిత చెబుతుంది. వీటిని వైద్యుడే నిర్ణయించాలి, ఇంట్లో ప్రయోగించరాదు. గురుకులంలో మా గురువుగారు విరేచనం ఎవరికి ఈయాలో చెప్పడానికి ముందు, ఎవరికి ఈయరాదో కంఠస్థం చేయించారు: బాలురు, వృద్ధులు, గర్భిణులు, దుర్బలులు, కొత్తగా జ్వరం వచ్చినవారు.

నెలకొకసారి పిల్లలకు ఆముదం పట్టించడం వెనుకటి అలవాటు. ఆముదం నుండి ప్రేవులలో వెలువడే రిసినోలిక్ ఆమ్లం వాటి కదలికను పెంచుతుంది. మలంతోపాటు నీరూ, లవణాలూ పోతాయి. పసివారు, వృద్ధులు ఈ నష్టాన్ని తట్టుకోలేరు. గర్భిణులలో గర్భాశయ సంకోచాలు కలగవచ్చు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. బొడ్డుచుట్టూ మొదలైన నొప్పి కుడివైపు క్రిందికి దిగి, వాంతి, జ్వరం తోడైతే అది అపెండిసైటిస్ కావచ్చును. “కడుపులో మలం నిలిచింది” అనుకొని జులాబు ఇస్తే అపెండిక్స్ పగిలే ప్రమాదం పెరుగుతుంది. ఆ సమయంలో ఆముదపు చుక్కైనా పోయక, వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

సాధారణ మలబద్ధానికి పెద్దలు తగినంత నీరు త్రాగడం, ఆకుకూరలు తినడం, రాత్రి నానబెట్టిన ఎండుద్రాక్షను ఉదయం తీసుకోవడం, మలవేగాన్ని ఆపుకోకుండుట చాలును. మధుమేహం ఉన్నవారు ద్రాక్షను మానాలి. అప్పటికీ తగ్గకపోయినా, మలంలో రక్తం కనబడినా వైద్యునికి చూపించుకోండి. శుద్ధి పేరుతో మీ అంతట మీరు భేదిమందు వేసుకోకండి.