వివర్తన దత్తాంశ పునఃసంసాధనలో రెండుసార్లు స్కేలింగ్ దోషం

బాసిల్లస్ థురింజియెన్సిస్ బాక్టీరియా ఉత్పత్తి చేసే క్రై3ఎ విషప్రోటీను నిర్మాణం 1991లో 2.5 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో వెల్లడైంది. బి.టి. ప్రోటీన్లు పురుగు పేగుపొరను ఏ విధంగా దెబ్బతీస్తాయో అర్థం చేసుకొనడానికి ఇటువంటి నిర్మాణాలు ఆధారమయ్యాయి. ఇవి ప్రోటీను స్ఫటికాలపై ఎక్స్-రే కిరణాలను ప్రసరింపజేసి నమోదు చేసిన వివర్తన చిత్రాల నుండి లభిస్తాయి. నేడు అనేక ప్రయోగాల మూలచిత్రాలు బహిరంగ భాండాగారాలలో లభ్యమవుతున్నందున, స్వయంగా స్ఫటికాలు పెంచలేని విద్యార్థి సైతం పాత దత్తాంశాన్ని కొత్త సాఫ్ట్‌వేర్‌తో తిరిగి సంసాధించవచ్చు. అయితే ఒకసారి స్కేలింగ్ జరిగిన తీవ్రతలకే మరల స్కేలింగ్ చేయడం ఈ పనిలో తరచుగా దొర్లే పొరపాటు.

స్ఫటికం తిరుగుతున్నకొద్దీ కిరణపుంజంలో పడే దాని పరిమాణం, కిరణ శోషణ మారుతుంటాయి. వికిరణం వల్ల స్ఫటికం క్రమంగా క్షీణిస్తుంది. ఫలితంగా సౌష్ఠవరీత్యా సమానం కావలసిన బిందువుల తీవ్రతలు వేరువేరుగా నమోదవుతాయి. వీటిని పోల్చి, ఒకే కొలమానానికి తీసుకురావడమే స్కేలింగ్. ఇదే దశలో ప్రోగ్రాము మరి రెండు పనులు చేస్తుంది: పొంతన లేని కొలతలను తొలగిస్తుంది, ప్రతి కొలత ప్రామాణిక దోషాన్ని వాస్తవ వ్యత్యాసాలకు అనుగుణంగా సవరిస్తుంది. చిక్కంతా ఈ చివరి పనిలోనే ఉన్నది.

వ్యవసాయ ప్రయోగాలలో దీనికి దగ్గరి పోలిక ధాన్యం దిగుబడిని 14 శాతం తేమకు సవరించడం. 20 శాతం తేమతో తూచిన 5,000 కిలోలు సవరణ తరువాత 4,651 కిలోలవుతాయి. సవరించిన అంకెనే పొరపాటున మరల సవరిస్తే 4,327 కిలోలు వస్తాయి. ఇక్కడ తప్పు సగటులోనే కనబడుతుంది, అనుభవజ్ఞుడు పట్టుకోగలడు. స్కేలింగ్‌లో ఆ సౌకర్యం లేదు. రెండవసారి లెక్కించిన గుణకాలు దాదాపు 1 దగ్గరే నిలుస్తాయి, తీవ్రతలు పెద్దగా మారవు. దోషాల అంచనా మాత్రం చెడుతుంది.

ఒక బిందువు తీవ్రత 10,000, గణన ఆధారిత దోషం 100 అనుకుందాం. వ్యవస్థాగత దోషం తీవ్రతలో 3 శాతమైతే, రెండింటి వర్గాల మొత్తానికి వర్గమూలంగా సవరించిన దోషం సుమారు 316 అవుతుంది. అనగా తీవ్రత–దోష నిష్పత్తి 100 నుండి 32కు దిగుతుంది. అదే నిజమైన నాణ్యత. ఈ 316తో రెండవ స్కేలింగ్ ఆరంభిస్తే, వ్యత్యాసాలకు దోషాలు ముందే సరిపోయి ఉంటాయి గనుక కొత్తగా కలపవలసినది ఏమీ లేదని ప్రోగ్రాము తేల్చవచ్చు. అపుడు వ్యవస్థాగత దోషం శూన్యమన్నట్లు నివేదిక చూపుతుంది. మొదటిసారి తొలగించిన కొలతలు తిరిగి రావు గనుక అంగీకార సూచికలు కూడా ఉన్నదానికంటె మెరుగ్గా కనబడతాయి. చెడ్డ స్ఫటికానికి మంచి యోగ్యతాపత్రం లభించినట్లే.

నివారణకు ఏ ఫైలు ఏ దశకు చెందినదో తెలియడం ముఖ్యం. ఎక్స్‌డిఎస్‌లో ఇంటిగ్రేట్.హెచ్‌కెఎల్ స్కేలింగ్‌కు పూర్వపు ఫైలు, ఎక్స్‌డిఎస్_ఆస్కీ.హెచ్‌కెఎల్ 'కరెక్ట్' దశలో సవరణలు పొందిన ఫైలు. ఎయిమ్‌లెస్‌తో స్కేలింగ్ చేయదలచినవారు మొదటిదానిని పాయింట్‌లెస్ ద్వారా ఇవ్వాలి. రెండవదే ఇవ్వవలసివస్తే ఎయిమ్‌లెస్‌లో 'ఓన్లీమెర్జ్' ఆదేశంతో విలీనం మాత్రమే చేయించాలి. డయల్స్‌లో 'ఇంటిగ్రేట్' దశ ఫలితం స్కేలింగ్ కానిది, 'స్కేల్' దశ ఫలితం అయినది. ఫైలు చరిత్ర తెలియనప్పుడు గుణకాల రేఖాచిత్రాన్ని పరిశీలించాలి. మొదటి చిత్రం నుండి చివరి చిత్రం వరకు గుణకం 1 వద్ద, క్షీణతను సూచించే బి-విలువ సున్నా వద్ద చదునుగా సాగితే అనుమానించవలసినదే. నిజమైన స్ఫటికం అంత నిలకడగా ప్రవర్తించడం అరుదు.

వేరువేరు స్ఫటికాల దత్తాంశాలను, ఒక్కొక్కటి స్కేలింగ్ పొందిన తరువాత, ఒకే కొలమానానికి తెచ్చుట ఈ దోషం కిందికి రాదు. అందుకు ఎక్స్‌స్కేల్ వంటి ప్రోగ్రాములు ఉన్నవి. ప్రోటీన్ డేటా బ్యాంకుకు నిర్మాణంతోపాటు నిర్మాణ గుణకాల సమర్పణ 2008 నుండి తప్పనిసరి. కాని వాటిలో అధికభాగం విలీనమైన విలువలు. వేరు వేరు కొలతలు అందులో మిగలవు గనుక ఆ ఫైలుతో పునఃస్కేలింగ్ సాధ్యం కాదు. మూలచిత్రాలకే వెళ్లవలసి ఉంటుంది.