ఆటుపోట్లు తెలిసిన యాత్ర

ధర్మపురి జిల్లాకు సముద్రతీరం లేదు. మన జిల్లాలో పెద్ద జలప్రవాహాన్ని చూడాలంటే హొగెనక్కల్‌కు పోవాలి. అక్కడ రాళ్లమీదుగా దూకే కావేరి నీరు ఎప్పుడూ ఒకే దిక్కుకు, పల్లానికే పోతుంది. ఆ కావేరియే తూర్పుగా ప్రవహించి పూంపుహార్ వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. నది కడలిలో కలిసే ఆ చోటును చూడడానికి, తీరం వెంబడి కొంత దూరం నడవడానికి నాలుగు రోజుల యాత్ర చేయదలచామనుకొందాం. అప్పుడు మనం ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. సముద్రతీరంలో నీరు ఒకే దిక్కుకు పోదు. రోజుకు రెండుసార్లు ముందుకు వస్తుంది. రెండుసార్లు వెనుకకు తగ్గుతుంది. ముందుకు రావడాన్ని పోటు అనీ, వెనుకకు తగ్గడాన్ని ఆటు అనీ అంటారు. కాబట్టి తీరయాత్రకు బస్సు వేళలు తెలిస్తే చాలదు; సముద్రపు వేళలు కూడా తెలియాలి.

ఆటుపోట్లకు ముఖ్యకారణం చంద్రుని ఆకర్షణ. సూర్యుని ఆకర్షణ కూడా దానికి తోడవుతుంది. అమావాస్యకు, పౌర్ణమికి సూర్యచంద్రుల ఆకర్షణలు కలిసి పనిచేస్తాయి. అందువల్ల ఆ రోజుల్లో పోటు ఎక్కువగా ఉంటుంది. ఆటు కూడా ఎక్కువగానే ఉంటుంది. అష్టమి ప్రాంతంలో రెండూ తక్కువగా ఉంటాయి. కనుక మన ఇళ్లలోని పంచాంగం చూసినా సముద్రపు తీరు కొంత తెలుస్తుంది. కచ్చితమైన వేళలకు భారత సర్వే శాఖ ఏటా ప్రకటించే ఆటుపోట్ల పట్టికలు ఉన్నాయి. తీరంలోని మత్స్యకారులను అడిగినా చెబుతారు.

యాత్ర ఒక్క రోజుతో ముగిసేది కానప్పుడు మరొక లెక్క అవసరం. ఆటు ప్రతిరోజూ ఒకే వేళకు రాదు. అది రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఒకచోట మొదటి రోజు ఉదయం 6 గంటలకు ఆటు పూర్తయిందనుకొందాం. రెండవ రోజు అది 6 గంటల 50 నిమిషాలకు, మూడవ రోజు 7 గంటల 40 నిమిషాలకు, నాలుగవ రోజు 8 గంటల 30 నిమిషాలకు పూర్తవుతుంది. యాత్రను ఒక వారం వాయిదా వేస్తే, ఆటు ఉండవలసిన వేళకు పోటు ఉంటుంది. పోయిన వారం ఒకరు సులభంగా దాటిన చోట ఈ వారం మనం అదే గంటకు దాటలేకపోవచ్చు.

ఇక నీరు పెరిగే తీరు చూద్దాం. ఆటు నుండి పోటుకు సుమారు ఆరు గంటలు పడుతుంది. ఆ ఆరు గంటల్లో నీరు ఒకే వేగంతో పెరగదు. దీన్ని గుర్తుంచుకోవడానికి నావికులు పన్నెండు భాగాల లెక్కను వాడతారు. మొత్తం పెరుగుదలను పన్నెండు భాగాలు చేస్తే, మొదటి గంటలో ఒక భాగం, రెండవ గంటలో రెండు, మూడవ గంటలో మూడు, నాలుగవ గంటలో మూడు, అయిదవ గంటలో రెండు, ఆరవ గంటలో ఒక భాగం నీరు పెరుగుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. నది సముద్రంలో కలిసే చోట ఆటు వేళ 20 సెంటీమీటర్ల నీరు ఉంది. పోటు వల్ల 60 సెంటీమీటర్లు పెరగనుంది. మొదటి గంటలో 5 సెంటీమీటర్లే పెరుగుతుంది. అది చూసి, నీరు పెరగడం లేదని అవతలి ఒడ్డున ఆడుకొంటూ ఉండిపోతే ప్రమాదం. మూడు గంటలకు నీరు 50 సెంటీమీటర్లు, నాలుగు గంటలకు 65 సెంటీమీటర్లు అవుతుంది. పోయేటప్పుడు పిక్కల లోతున్న నీరు తిరిగి వచ్చేటప్పుడు పిల్లల తొడలదాకా వస్తుంది. పైగా ప్రవాహపు వేగమూ, అలల తాకిడీ ఉంటాయి. కనుక ఆటు ముగియడానికి ముందు గంటలో దాటి, పోటు బలపడకముందే తిరిగి రావాలి. ఆ చోటు తెలిసిన పెద్దలు తోడు లేకుండా నీటిలో దిగరాదు.

తమిళనాడు తీరంలో ఆటుకు, పోటుకు నడుమ తేడా సుమారు ఒక మీటరుకు మించదు. గుజరాతులోని ఖంభాత్ సింధుశాఖలో అది పది మీటర్ల వరకు ఉంటుంది. అక్కడ భావనగర్ సమీపంలోని కోలియాక్ వద్ద సముద్రంలో ఒక శివాలయం ఉంది. భక్తులు ఆటు వేళ నడిచి పోయి, పోటు రాకముందే ఒడ్డు చేరుకొంటారు. అక్కడ దర్శనపు వేళను నిర్ణయించేది సముద్రమే.

ఇప్పుడు మన యాత్రకు వద్దాం. మొదటి రోజు ధర్మపురి నుండి తిరువణ్ణామలై, తిండివనం మీదుగా పుదుచ్చేరి చేరవచ్చు. రెండవ రోజు కడలూరు, చిదంబరం దాటి పిచ్చావరం మడ అడవులను పడవలో చూడవచ్చు. మూడవ రోజు పూంపుహార్‌లో తీరం వెంబడి నడక, తరువాత 1620లో డేనిష్ వారు కోట కట్టిన తరంగంబాడి, రాత్రికి నాగపట్టణం. నాలుగవ రోజు వేదారణ్యం, కోడియక్కరై. ఇందులో ముందుగా నిర్ణయించవలసినది పూంపుహార్ నడక వేళ. ఆటు వేళ తడి ఇసుక గట్టిగా ఉండి నడక సులభమవుతుంది. పోటు వేళ పొడి ఇసుకలో కాళ్లు కూరుకుపోతాయి. ఆ రోజు ఆటు ఉదయం 7 గంటల 40 నిమిషాలకు అయితే ముందు రాత్రి చిదంబరంలోనో, శీర్గాళిలోనో బస చేయాలి. ఆటు మిట్టమధ్యాహ్నం వస్తే యాత్ర తేదీనే మార్చుకోవడం మేలు. మొదట సముద్రపు వేళ, తరువాత నడక, ఆ తరువాత బస, చివర బస్సు: ఈ వరుసలో ఆలోచించాలి.

నడక దూరాన్ని కూడా శక్తికి తగినట్లు నిర్ణయించుకోవాలి. మన యాత్ర ముగిసే వేదారణ్యమే దీనికి సాక్ష్యం. 1930 ఏప్రిల్ 13వ తేదీన రాజాజీ సుమారు వందమంది సత్యాగ్రహులతో తిరుచిరాపల్లి నుండి కాలినడకన బయలుదేరారు. ఆయన జన్మించిన తొరపల్లి గ్రామం తరువాతి కాలంలో ధర్మపురి జిల్లాలో ఉండి, 2004 నుండి కృష్ణగిరి జిల్లాలో ఉంది. సత్యాగ్రహులు సుమారు 240 కిలోమీటర్లు 15 రోజుల్లో నడిచారు. అంటే రోజుకు 16 కిలోమీటర్లు. వారికి అన్నం పెట్టినవారిని శిక్షిస్తామని తంజావూరు కలెక్టరు హెచ్చరించాడు. అయినా ప్రజలు దారిపక్క చెట్లకు ఆహారపు పొట్లాలు కట్టి ఉంచి వారి ఆకలి తీర్చారు. 28న వేదారణ్యం చేరిన రాజాజీ, 30న అగస్త్యంపల్లిలో ఉప్పు తీసి చట్టాన్ని ధిక్కరించారు. ఆ చోట నేడు స్మారకస్తూపం ఉంది.

కాలాన్ని ఎంచుకోవడమూ ముఖ్యమే. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈ తీరానికి తుపానుల భయం ఉంది. జనవరి, ఫిబ్రవరి నెలలు అనుకూలం. మరొక హెచ్చరికను ఎన్నడూ మరువరాదు. ఆటు వేళ కానప్పుడు సముద్రం హఠాత్తుగా వెనుకకు పోతే అది ఆటు కాదు, సునామీకి గుర్తు కావచ్చు. గవ్వల కోసం పోకుండా వెంటనే మెట్టప్రాంతానికి పరుగెత్తాలి. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీలో ఒక్క నాగపట్టణం జిల్లాలోనే ఆరు వేలకు పైగా ప్రజలు మరణించారు. 2007 నుండి హైదరాబాదులోని కేంద్రం సునామీ హెచ్చరికలను అందిస్తోంది. అయితే ఏది మామూలు ఆటో, ఏది కాదో తెలియాలంటే ఆ రోజు ఆటు వేళ మనకు తెలిసి ఉండాలి.

సముద్రం మనకోసం ఆగదు. అయితే తన వేళను దాచుకోదు కూడా. ఆ వేళను ముందే లెక్క కట్టుకొని బయలుదేరినవారు తీరమంతా చూసి, క్షేమంగా ఇల్లు చేరుతారు.