చీటీ ఉంది, మందుకు డబ్బుల్లేవు: యూఏఈలో మనవాళ్ల అపోహలు – వాస్తవాలు

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచో, కడప, గోదావరి జిల్లాల నుంచో యూఏఈకి వెళ్లినవాళ్లలో చాలామంది ఇరవైల్లో, ముప్ఫైల్లో విమానం ఎక్కినవాళ్లు. అక్కడే పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు గడిచిపోయాయి. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, థైరాయిడ్ ఒక్కొక్కటే వచ్చి చేరాయి. డాక్టరు మూడు రకాలు రాస్తే, ఫార్మసీలో బిల్లు చూసి ఒకటి చాలంటారు. పొద్దున, రాత్రి వేసుకోవాల్సిన గోలీ ఒకపూటకే పరిమితమవుతుంది. ఇంటికి పంపే డబ్బు మాత్రం తగ్గదు.

ఇలా మందులు తగ్గించుకునేవాళ్లలో చాలామందికి అందుబాటులో ఏదో ఒక సాయం ఉంటుంది. అది ఎటు నుంచి వస్తుందో తెలియదు, అంతే. క్యాంపుల్లో, బెడ్‌స్పేస్ గదుల్లో ఒకరి నుంచి ఒకరికి పాకిన కొన్ని మాటలు ఆ దారిని మూసేస్తున్నాయి. ఆ మాటల్లో నిజమెంతో చూద్దాం.

అపోహ 1: చిన్న జీతగాళ్లకు ఇన్సూరెన్స్ ఎక్కడుంటుంది?

వాస్తవం: ఉంటుంది, ఉండి తీరాలి. అబుదాబిలో 2005 నాటి చట్టంతో, దుబాయ్‌లో 2013 నాటి చట్టంతో ఆరోగ్య బీమా తప్పనిసరి అయింది. షార్జా, అజ్మాన్, ఉమ్ అల్ క్వైన్, రస్ అల్ ఖైమా, ఫుజైరాల్లో చాలాకాలం ఈ నిబంధన లేదు. అక్కడ పనిచేసే మనవాళ్లలో "మాకు బీమా లేదు" అనే మాట స్థిరపడిపోయింది అందుకే. 2025 జనవరి 1 నుంచి ఆ అయిదు ఉత్తర ఎమిరేట్లలోనూ ప్రైవేటు కంపెనీల కార్మికులకు, ఇళ్లలో పనిచేసేవారికి బీమా తప్పనిసరి చేశారు. వీసా కొత్తగా తీసేటప్పుడు, రెన్యువల్ చేసేటప్పుడు దాన్ని చూపించాలి. ఏడాదికి 320 దిర్హాముల కనీస ప్యాకేజీ ఇందుకోసమే పెట్టారు. ప్రీమియం యజమానే కట్టాలి. దాన్ని మీ జీతంలోంచి కోయకూడదు.

కొందరికి విడిగా బీమా కార్డు చేతికి రాదు. ఎమిరేట్స్ ఐడీకే బీమా ముడిపడి ఉంటుంది. కార్డు లేదు కాబట్టి బీమా లేదనుకుని ఏళ్ల తరబడి సొంత డబ్బుతో మందులు కొన్నవాళ్లున్నారు. క్లినిక్ కౌంటర్‌లో ఐడీ ఇచ్చి చూడమనండి. వీసా పనులు చూసే కంపెనీ పీఆర్వోను పాలసీ పేరు, నెట్‌వర్క్ పేరు అడిగి ఫోన్‌లో రాసి పెట్టుకోండి. నెట్‌వర్క్‌లో లేని ఆస్పత్రికి వెళితే బీమా ఉన్నా బిల్లు మీదే పడుతుంది.

అపోహ 2: ఇన్సూరెన్స్ ఉంటే మందులన్నీ ఉచితం.

వాస్తవం: కాదు. ఉత్తర ఎమిరేట్ల కనీస ప్యాకేజీలో మందుల ఖర్చులో 30 శాతం మీరు పెట్టుకోవాలి. వంద దిర్హాముల మందుకు ముప్ఫై మీవి. పైగా మందులకు ఏడాదికి 1,500 దిర్హాముల పరిమితి ఉంది. పన్నెండు నెలలకు పంచితే నెలకు 125. జీవితాంతం గోలీలు వాడాల్సినవారు ఈ లెక్క ముందే వేసుకోవాలి. ఏడాది మొదట్లో ఖరీదైన బ్రాండ్లతో పరిమితి కరిగించేస్తే చివరి నెలల్లో చేతి నుంచి పెట్టుకోక తప్పదు.

పాత జబ్బుల విషయంలో నిబంధనలు ఎమిరేట్‌ను బట్టి మారతాయి. ఉత్తర ఎమిరేట్ల ప్యాకేజీలో దీర్ఘకాలిక జబ్బులకు ఎదురుచూసే గడువు లేదు. దుబాయ్ కనీస పథకంలో తొలిసారి చేరినవారు అలాంటి జబ్బులకు ఆరు నెలలు ఆగాల్సి ఉంటుంది. ఎమర్జెన్సీకి ఆ గడువు అడ్డురాదు. బీమా ఫారంలో ఉన్న జబ్బును దాచకండి. తర్వాత క్లెయిమ్ తిరస్కరించడానికి అదే కారణమవుతుంది.

రావాల్సిన మందును బీమా కంపెనీ తిరస్కరిస్తే అక్కడితో వదిలేయకండి. తిరస్కరణను కాగితం మీద ఇవ్వమని అడగండి. దుబాయ్‌లో ఆరోగ్య బీమా ఫిర్యాదులను దుబాయ్ హెల్త్ అథారిటీ చూస్తుంది. ఆ కాగితం ఫిర్యాదుకూ పనికొస్తుంది, ఛారిటీకి దరఖాస్తు పెట్టుకోవడానికీ పనికొస్తుంది.

అపోహ 3: చౌక మందు పనిచేయదు, డాక్టరు రాసిన బ్రాండే కొనాలి.

వాస్తవం: మందు డబ్బా చేతిలోకి తీసుకుని చూడండి. పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. దాని కింద చిన్నగా ఉండేది అసలు మందు పేరు. గ్లూకోఫేజ్ కింద మెట్‌ఫార్మిన్ అని, లిపిటార్ కింద అటోర్వాస్టాటిన్ అని ఉంటుంది. అదే మందును వేరే కంపెనీలు తక్కువ ధరకు తయారుచేస్తే దాన్ని జనరిక్ అంటారు. యూఏఈలో అమ్మే ప్రతి మందూ ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, ధరనూ ప్రభుత్వమే నియంత్రిస్తుంది. రస్ అల్ ఖైమాలో 1980లో పుట్టిన జుల్ఫర్ లాంటి స్థానిక కంపెనీల మందులు అక్కడి షెల్ఫుల్లోనే ఉంటాయి. అబుదాబిలోనైతే 2018 నుంచి బీమా ఉన్న రోగి జనరిక్ ఉండగా ఖరీదైన బ్రాండ్ కోరుకుంటే ధరలో తేడా తానే కట్టుకోవాలన్న విధానం వచ్చింది.

కాబట్టి డాక్టరు గదిలోనే చెప్పండి: "నా జీతం ఇంత. ఈ మందులు నెలనెలా కొనలేను. ఇదే మందు తక్కువ ధరలో రాయండి." ఈ ఒక్క మాటతో బిల్లు తగ్గే అవకాశం ఉంది. ఫార్మసిస్టునూ అదే అడగండి. ఆ కౌంటర్లలో మలయాళం, హిందీ మాట్లాడేవాళ్లు చాలామంది ఉంటారు, భాష గురించి వెనుకాడకండి. థైరాయిడ్, మూర్ఛ లాంటి కొన్ని జబ్బులకు మాత్రం కంపెనీ మార్చేముందు డాక్టరును తప్పక అడగాలి.

అపోహ 4: షుగర్, బీపీ ఉన్నాయని బయటపెడితే వీసా రద్దు చేసి పంపించేస్తారు.

వాస్తవం: ఈ భయం వల్లే చాలామంది కంపెనీ క్లినిక్‌కు కూడా వెళ్లరు. వీసా మెడికల్‌లో ప్రధానంగా చూసేది హెచ్‌ఐవీ, క్షయ. ఇంటిపని, పిల్లల సంరక్షణ, ఆహార రంగం లాంటి కొన్ని పనులవారికి మరికొన్ని అంటువ్యాధుల పరీక్షలు ఉంటాయి. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ ఆ జాబితాలో లేవు. క్షయ విషయంలోనూ 2016 నుంచి పద్ధతి మారింది. అక్కడ నివసిస్తూ రెన్యువల్‌కు వెళ్లినవారిలో క్షయ బయటపడితే చికిత్స తీసుకునే షరతు మీద ఏడాదికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇస్తున్నారు.

జబ్బుపడి సెలవు పెడితే ఉద్యోగం పోతుందన్నదీ సరికాదు. 2021 నాటి కార్మిక చట్టం ప్రకారం ప్రొబేషన్ దాటిన కంపెనీ ఉద్యోగికి ఏడాదిలో 90 రోజుల వరకు సిక్ లీవు ఉంది. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాతి 30 రోజులు సగం జీతం, మిగతా 45 రోజులు జీతం లేకుండా. ఆ సెలవులో ఉండగా తీసేయకూడదు. ఇందుకు డాక్టరు సర్టిఫికెట్ కావాలి. అంటే జబ్బును దాచడం కాదు, నమోదు చేయించుకోవడమే మీకు రక్ష.

అపోహ 5: ఊరి నుంచి వచ్చేవాళ్లతో ఆరు నెలల మందులు తెప్పించుకుంటే సరిపోతుంది.

వాస్తవం: అన్ని అపోహల్లోకీ ప్రమాదకరమైనది ఇదే. మన దగ్గర మెడికల్ షాపులో మామూలుగా దొరికే కొన్ని గోలీలు యూఏఈలో నియంత్రిత ఔషధాలు. ట్రమడాల్, దగ్గు మందుల్లో ఉండే కోడిన్, నిద్రకు, ఆందోళనకు ఇచ్చే డయాజెపామ్, ఆల్ప్రాజోలామ్ వీటిలో ఉన్నాయి. షుగర్ ఉన్నవాళ్లకు అరికాళ్ల మంటలకు, తిమ్మిర్లకు మన ఊళ్లలో తరచూ రాసే ప్రీగాబాలిన్ కూడా అందులోదే. ఆ స్ట్రిప్పు మీద విటమిన్ పేరు కూడా కలిసి ఉండేసరికి బలానికి వాడే గోలీ అనుకుని సంచిలో పెట్టుకుంటారు. ఎయిర్‌పోర్టులో అది డ్రగ్స్ కేసు కావచ్చు. అందులోనూ మందు మీది, సంచి వేరేవాళ్లది. మీ కోసం తెచ్చిన పాపానికి ఆ మనిషి ఇరుక్కుంటాడు.

నియంత్రిత మందు నిజంగా అవసరమైతే ప్రయాణానికి ముందే యూఏఈ ప్రభుత్వం దగ్గర ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. మామూలు మందులైనా ఎవరివి వాళ్లే, సొంత వాడకానికి సరిపడా, డాక్టరు చీటీతో, అసలు ప్యాకింగ్‌లోనే తెచ్చుకోవాలి. సెలవుకు ఊరొచ్చినప్పుడు జన ఔషధి కేంద్రాల్లో జనరిక్ మందులు బాగా చౌకగా దొరుకుతాయి. కొనేముందు ఆ పేర్లను యూఏఈలోని డాక్టరుకు వాట్సాప్‌లో పంపి, అక్కడ అనుమతి ఉందో లేదో అడిగి తెలుసుకోండి.

అపోహ 6: అక్కడి ఛారిటీలు అరబ్బులకే, ముస్లింలకే సాయం చేస్తాయి.

వాస్తవం: కొన్ని సంస్థలు తమ దేశపు కుటుంబాల మీదే దృష్టి పెడతాయి. అన్నీ అలా లేవు. దుబాయ్‌లోని అల్ జలీలా ఫౌండేషన్ 'ఆవెన్' అనే కార్యక్రమం కింద యూఏఈలో నివసిస్తూ చికిత్స ఖర్చు భరించలేని ఏ దేశస్థులకైనా సాయం అందిస్తుంది. షార్జాలో 1999లో మొదలైన ఫ్రెండ్స్ ఆఫ్ క్యాన్సర్ పేషెంట్స్ జాతి, మతం చూడకుండా క్యాన్సర్ రోగులను ఆదుకుంటోంది. ఎమిరేట్స్ రెడ్ క్రెసెంట్, దార్ అల్ బెర్ సొసైటీ లాంటివి కూడా వైద్య సాయం దరఖాస్తులు తీసుకుంటాయి. దుబాయ్ కనీస బీమా ఉన్నవారికి రొమ్ము, పెద్దపేగు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల చికిత్సకు 'బస్మా' అనే ప్రత్యేక ఏర్పాటు ఉంది. ఖరీదైన మందుల విషయంలో కొన్ని ఔషధ కంపెనీలే రోగులకు రాయితీ పథకాలు నడుపుతాయి. వాటిలో డాక్టరే పేరు చేర్పించాలి.

వీటి తలుపు తట్టే పద్ధతి ఒకటుంది. నేరుగా ఆఫీసుకు వెళ్లి కష్టం చెప్పుకుంటే చాలదు. పెద్ద ఆస్పత్రుల్లో మెడికల్ సోషల్ వర్కర్ ఉంటారు. ముందు వారిని కలవాలి. సాధారణంగా పాస్‌పోర్టు, వీసా, ఎమిరేట్స్ ఐడీ కాపీలు, జీతం సర్టిఫికెట్, తాజా మెడికల్ రిపోర్టు, మందుల ఖర్చు అంచనా, బీమా ఇవ్వనన్న కాగితం అడుగుతారు. నిర్ణయానికి సమయం పడుతుంది. అందుకే మందులు అయిపోయాక కాదు, నెల మందు చేతిలో ఉండగానే మొదలుపెట్టాలి.

అపోహ 7: వాట్సాప్ గ్రూపులో తలా కొంత వేసుకుంటే తప్పేముంది?

వాస్తవం: ఆపదలో ఉన్న మనిషికి పదిమంది చేయి కలపడం మన ఊరి పద్ధతి. ఆ మంచితనం గొప్పదే. కానీ యూఏఈలో విరాళాలు సేకరించే అధికారం లైసెన్సు ఉన్న సంస్థలకే ఉంది. 2021 నాటి విరాళాల చట్టం వ్యక్తులు చందాలు వసూలు చేయడాన్ని నిషేధించింది. ఆన్‌లైన్‌లో అనుమతి లేకుండా విరాళాలు కోరితే సైబర్ నేరాల చట్టం కింద జైలుశిక్ష, 2 లక్షల నుంచి 5 లక్షల దిర్హాముల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పక్క మంచం మీది స్నేహితుడికి మీ జేబులోంచి మీరు సాయం చేయడం వేరు. రోగి ఫొటో, బ్యాంకు ఖాతా నంబరు పెట్టి గ్రూపుల్లో తిప్పడం వేరు. మెసేజ్ పెట్టే బదులు ఆ మనిషి కాగితాలన్నీ సర్ది, వెంట ఉండి, లైసెన్సు ఉన్న ఛారిటీకి దరఖాస్తు పెట్టించండి. ఇంగ్లిష్ రాని అన్నకు ఫారం నింపిపెట్టడం కూడా పెద్ద సాయమే.

అపోహ 8: కాన్సులేట్‌కు వెళితే మందులు ఇప్పిస్తారు, ప్రవాసీ బీమా కూడా ఉంది కదా.

వాస్తవం: భారత రాయబార కార్యాలయాల్లో 2009 నుంచి ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది. ఆర్థిక స్థితి చూసి, దిక్కులేని పరిస్థితిలో ఉన్నవారికి అత్యవసర వైద్యం, తిరుగు ప్రయాణం లాంటివాటికి దాన్ని వాడతారు. నెలనెలా షుగర్ గోలీలకు అది ఉద్దేశించింది కాదు. ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరైన) పాస్‌పోర్టుతో వెళ్లేవారు తీసుకునే ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రధానంగా ప్రమాదంలో మరణానికి, వైకల్యానికి 10 లక్షల రూపాయల రక్షణ. ఆస్పత్రిలో చేరితే కొంత పరిమిత సాయం ఉంటుంది, ఫార్మసీ బిల్లుకు ఉండదు.

అయినా కాన్సులేట్ తలుపు వృథా కాదు. యజమాని బీమా చేయించకపోయినా, ఐడీ, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకుని ఆస్పత్రికి వెళ్లనివ్వకపోయినా, ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి ఫోన్ చేయండి. యూఏఈలో ఉచిత నంబరు 800 46342. ఏ ఆఫీసుకు ఎలా ఫిర్యాదు చేయాలో చెప్తారు.

ఇప్పుడేం చేయాలి?

గోలీ సగం చేసుకుంటున్న ప్రతి ఒక్కరూ ఈ వారంలో నాలుగు పనులు చేయండి. బీమా పాలసీ, నెట్‌వర్క్, మందుల పరిమితి కనుక్కోండి. చీటీలోని ప్రతి మందుకూ చౌక జనరిక్ ఉందేమో డాక్టరును అడగండి. అప్పటికీ చాలకపోతే ఆస్పత్రి సోషల్ వర్కర్‌ను కలిసి కాగితాలు సమకూర్చుకోండి. ఈ లోపు ఏ మందు తప్పకుండా వేసుకోవాలో డాక్టరుతో చెప్పించుకోండి. ఇన్సులిన్ మానేసినా, కొన్ని బీపీ గోలీలు ఒక్కసారిగా ఆపినా రోజుల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. మందు మానేసి నెలకు వంద దిర్హాములు మిగిల్చామనుకుంటే, కిడ్నీలు దెబ్బతిన్నాకో పక్షవాతం వచ్చాకో సంపాదనే ఆగిపోతుంది.

"మందులు కొనలేకపోతున్నాను" అనడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఎండల్లో ఆ దేశపు భవనాలు కట్టిన చేతులవి, ఆ ఇళ్లలో పిల్లల్ని పెంచిన చేతులవి. చట్టం ఇచ్చిన బీమా, సంస్థలు ఇచ్చే సాయం అడిగే హక్కు ఆ చేతులకు ఉంది. అడగండి, అడగలేని పక్కవాడి తరఫున కూడా అడగండి.